అడ్డం తిరిగిన తెర

ఉలాన్‌గోమ్ రికార్డుల గది నుంచి ఫోను:
"కంప్యూటర్ తెర అడ్డం తిరిగింది, తొందరగా రా."
నవ్వుకున్నాను.
ఎవరి మోచెయ్యో మూడు మీటల్ని ఒకేసారి నొక్కి ఉంటుంది.
అర నిమిషం పని.
బయట మైనస్ ముప్ఫై ఎనిమిది,
బూట్లు తొడుక్కోడానికే పది నిమిషాలు.

గదిలో హాండ్‌సురెన్ గారు,
మోకాళ్ల మీద ఒంటె ఉన్ని దుప్పటి.
ఫోన్ చేసింది ఆవిడ కాదట, పక్కగది గుమాస్తా.
"నేనే తిప్పాను," అంది తల తిప్పకుండా.

చూశాను.
కింద ఉండాల్సిన పట్టీ
ఎడమ అంచున నిచ్చెనలా నిలబడి ఉంది.
ఫోల్డర్ల పేర్లు, నేను బడిలో దిద్దుకున్న సిరిలిక్ అక్షరాలు,
లారీలో గొర్రెల్లా పక్కకి ఒరిగి పడుకున్నాయి.
మౌసు కుడికి తోస్తే బాణం కిందికి జారుతోంది.
ఆవిడ చెయ్యి మాత్రం తడబడటం లేదు,
పెంకి గుర్రాన్ని మాలిమి చేసుకున్న చెయ్యి.

మధ్యలో, తెల్లటి పేజీ మీద,
మా పాత లిపి.
పైనుంచి కిందికి, వెన్నుపూసలాగా, నిటారుగా.

"మామూలుగా ఉంచితే ఈ యంత్రం దీన్ని పడుకోబెడుతుంది తమ్ముడూ.
పడుకున్న అక్షరాన్ని చూస్తే జబ్బుమనిషిని చూసినట్టుంటుంది.
అందుకే మిగతా అన్నిటినీ పడుకోబెట్టి దీన్ని లేపాను."

బల్ల మీద ఒక నోటుపుస్తకం. జీను తోలు వాసన.
పిల్జీ అనే గుర్రాల కాపరిది.
మంచు ఇనుములా బిగిసి గడ్డిని మింగేసే చలికాలాన్ని
మావైపు జుడ్ అంటాం.
అలాంటి ఒక జుడ్‌లో రాసుకున్న లెక్క.
రోజుకో వరస: ఏది చచ్చింది, ఎన్ని మిగిలాయి.

"ఒక తిరకాసుంది," అన్నాను, తెలివైనవాణ్ణి కదా.
"మన వరసలు ఎడమ నుంచి కుడికి నడవాలి.
మీరిలా తిప్పితే మొదటిది కుడి చివరికి పోయింది,
ఆఖరిది ముందుకొచ్చింది."

"తెలుసు. చదవనా?"

ఎడమ అంచు నుంచి మొదలుపెట్టింది.
బొల్లిమొహంది. మూడు.
మైలది, దాని పిల్ల. నాలుగు.
చెవి తెగిన పుల్లది. ఆరు.
కర్రిది, నదికి భయపడేది. ఏడు.
చచ్చింది అనే మాట ఆవిడ చదవలేదు,
లేక నాకే వినపడలేదో.
పదకొండు.
పంతొమ్మిది.
గొంతు తడుపుకోడానికి ఉప్పు టీ ఒక గుక్క.
నలభై.
ఒక్కొక్కటే లేచి మంచు దులుపుకుంటోంది.
ఎనభై ఒకటి దగ్గర, కుడి అంచున,
ఇంకా ఏదీ చావని రోజు:
"పొద్దున మబ్బు పట్టింది. మంద పడమటి లోయలో ఉంది."

నా ఉద్యోగం నేను చెయ్యాలిగా.
తెర తిప్పకుండానే అక్షరాల్ని నిలబెట్టే చిన్న ప్రోగ్రాం
నా సంచిలో ఉందని చెప్పాను.
"వెయ్యి," అంది. "ప్రింటు దాంట్లోనే తీస్తాను. లెక్క లెక్కే."

వేశాను. తెర సరిగ్గా తిరిగింది.
వరసలూ సరిగ్గానే వచ్చాయి,
మబ్బు పట్టిన పొద్దు నుంచి బొల్లిమొహం దాకా.
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

కాసేపటికి ఆవిడే తెరని మళ్లీ తిప్పింది.
పక్కకి పడుకున్న అక్షరాలు అడిగాయి:
ఈ మార్పు ఉంచాలా? పదిహేను సెకన్లలో పాతదానికి పోతుంది.
పద్నాలుగు. పదమూడు.
ఆవిడ కళ్లజోడు తీసి దుప్పటి కొసతో తుడుస్తోంది,
తుడుస్తూనే ఉంది.
తొమ్మిది. ఎనిమిది.
మెడ వంచి మౌసు అందుకున్నాను,
అలవాటు లేని చెయ్యి, ఎటు తోస్తే ఎటు పోతోందో.
మూడు దగ్గర
ఉంచు మీద నొక్కాను.

రిపోర్టులో రాశాను: లోపం లేదు.
ఆ రెండు మాటలూ అడ్డంగానే రాశాను.
నిలువుగా రాయడం
నాకింకా సరిగ్గా రాదు.